కండక్టరు కట్టిన పాక

ఆ గేటును మొదటిసారి చూసినప్పుడు వెల్డరుకు అది గేటని తెలియలేదు. ఆటోలోంచి దించి షాపు ముందు పడేస్తే, ఏ లారీయో తొక్కిన మంచం కాబోలనుకున్నాడు. ఒక పక్క బొటనవేలంత కడ్డీ, ఇంకో పక్క చిటికెనవేలంత కడ్డీ, నడిమధ్య ఒక బస్సు కిటికీ చట్రం. వీటన్నింటినీ కలిపి ఉంచింది వెల్డింగు కాదు, ఇనుప తీగ. చుట్టిన తీగ మీదే మళ్ళీ చుట్టి, ఆ చుట్ల మీద రంగు కూడా వేశారు.

"ఇదెవరు చేశారమ్మా? చేతులతోనే చేశారా?" అన్నాడు.

"మా ఆయన," అంది తెచ్చినావిడ.

"ఒకసారి ఆయన్ని పంపించండి. ఆ మహానుభావుణ్ణి చూడాలనుంది."

"పోయారండీ. చాలా కాలమైంది."

వెల్డరు నాలుక కరుచుకున్నాడు. విరిగిన చోట అతికి పంపేశాడు. కొన్నాళ్ళకు గేటు ఇంకోచోట విరిగి మళ్ళీ వచ్చింది. ఆ తర్వాతా వచ్చింది. పోయినవాణ్ణి ఏమీ అనకూడదు కాబట్టి అతను గేటును తిట్టడం మొదలుపెట్టాడు. ఆవిడ స్టూలు మీద కూర్చుని, చెమట తుడుచుకుంటూ ఆ తిట్లన్నీ ఓపిగ్గా వినేది. అది తన గేటే కానట్టు, దారిన పోయే వాళ్ళెవరిదో అయినట్టు వినేది. యాభై దాటిన బ్రహ్మచారికి తన తిట్లను అంత శ్రద్ధగా వినే మనిషి దొరకడం అదే మొదలు. చివరికి గేటులో అతకడానికి పాత ముక్క ఒక్కటీ మిగల్లేదు. అయినా ఆవిడ వచ్చింది, ఈసారి గేటు లేకుండా.

ఎండాకాలం మొదట్లో ఇద్దరూ రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళి సంతకాలు పెట్టి వచ్చారు. వెల్డరు షాపుకు తాళం వేసి, మిషను, గ్రైండరు, సుత్తులు ట్రాలీలో ఎక్కించుకుని, ఊరికి ఎడంగా రాళ్ళగుట్ట కింద ఉన్న ఆవిడ తోట ఇంట్లో దిగాడు.

దిగాక తెలిసింది, గేటు ఒక్కటే కాదని.

పోయినాయన బస్సు కండక్టరు. డిపోలో తుక్కు కింద తీసేసిన సామానంతా ఆయన వెంట ఇంటికి నడిచి వచ్చినట్టుంది. స్నానాల గదికి మడతలు పడే బస్సు తలుపు. లోపలికి వెళ్ళాలంటే రెండు చేతులూ కావాలి, బయటికి రావాలంటే మోకాలు కావాలి. ఒళ్ళు సగం తుడుచుకునేసరికి అదంతటదే తెరుచుకుని, బావి దగ్గర ఎవరున్నారో చూపించేది. వంటింటి తూము వాలు తిరగబడి ఉంది, గిన్నెలు కడిగిన నీళ్ళు పెరట్లోకి వెళ్ళినట్టే వెళ్ళి, మనసు మార్చుకుని వెనక్కి వచ్చేవి. కోళ్ళగూటికి బస్సు కిటికీలు బిగించారు. వాటి పైన "తల, చేతులు బయట పెట్టరాదు" అన్న అక్షరాలు ఇంకా చెరగలేదు. కోళ్ళు పొద్దస్తమానం తలలు బయటే పెట్టుకుని ఉండేవి.

'కోళ్ళకు కూడా ఈయనగారి మాటంటే లెక్క లేదు' అనుకున్నాడు వెల్డరు.

వరండా గోడ మీద కండక్టరు ఫొటో ఉంది. ఖాకీ చొక్కా, భుజాన సంచీ, నోరంతా నవ్వు. వెల్డరు ఆ నవ్వు దగ్గర ఆగి, 'ఎందుకు నవ్వవు బాబూ! కట్టి పారేసి వెళ్ళిపోయావు, ఉండాల్సింది నేను కదా' అని లోపల్లోపల పళ్ళు నూరేవాడు.

అన్నింటికీ తలమానికం మేకల పాక. అది తోట చివర నిమ్మచెట్లను ఆనుకుని, ఆనుకోవడం అనే మాటకు పూర్తి న్యాయం చేస్తూ నిలబడి ఉంది. గుంజలు ఒక్కొక్కటి ఒక్కో వైపు వాలాయి. పైన గడ్డి కప్పు, దాని లోపల పిచ్చుకల సంసారాలు. పొడుగునా ఒక పాత కర్ర దూలం. ఒక పక్క గోడకు బదులు బస్సు వెనక ఉండే ఇనుప నిచ్చెన అడ్డంగా కట్టారు. పాక నడుమ, బస్సులో నిలబడ్డవాళ్ళు పట్టుకునే పసుపు రంగు కడ్డీ ఒకటి నేలలో పాతి ఉంది. మేకలు ఒళ్ళు రుద్దుకుని రుద్దుకుని కింది సగం తళతళలాడుతోంది. వెల్డరు దాని పైకొస వంక చూశాడు. కడ్డీకీ దూలానికీ నడుమ వేలు దూరేంత సందు ఉంది. వేలు పెట్టి కూడా చూశాడు.

"ఇదెందుకు పాతారండీ? మేకలు పడిపోకుండా పట్టుకోవడానికా?" అని అత్తగారిని అడిగాడు.

అత్తగారు, అంటే భార్య తల్లి, అల్లుడు పోయాక కూతురికి తోడుగా ఉండటానికి వచ్చిన మనిషి కాదు. మొదటినుంచీ ఇది ఆవిడ నేల. మేకలు కూడా ఆవిడవే. కొత్తల్లుడితో మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించి, మాటకొక "అండి" తగిలించేది.

"మీకు అలా కనబడుతుంది గానీ అల్లుడుగారూ, మా కండక్టరు డ్యూటీ లేని రోజు చూసుకుని, ఒంటి చేత్తో కట్టాడండి ఇదంతా."

"ఒంటి చేత్తోనే కట్టారని చూడగానే తెలుస్తోందండీ."

ఆవిడ మేకపిల్లను చంకనెత్తుకుని వెళ్ళిపోయింది.

వెల్డరు పనిలో దిగాడు. తూము తవ్వి వాలు సరిచేశాడు. బావి గిలకకు కొత్త ఇరుసు వేశాడు. స్నానాల గదికి రేకు తలుపు, దానికి లోపలినుంచి గడియ. ఇంటి చూరు కింద కందిరీగలు పెట్టిన గూడును పొగబెట్టి లేపి, ఆ కన్నం మూశాడు. చేసిన ప్రతి పనీ మూలమట్టం పెట్టి చూస్తే వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. అయ్యాక చేతులు తుడుచుకుంటూ, పక్కన నిలబడి, ఎదురుచూసేవాడు.

"బాగుందండీ," అనేది అత్తగారు.

"బాగుంది," అనేది భార్య.

అంతే. అతనికి కావలసింది ఆ మాట కాదు. 'ఇన్నాళ్ళూ ఎంత దరిద్రంగా ఉండేదో!' అనాలి. 'ఆయనకేం చాతనయింది గనక!' అనాలి. తూములో నీళ్ళు బుద్ధిగా బయటికి పోతుంటే, భార్య గిన్నెలు తోముకుంటూ ఏదో ఆలోచనలో ఉండేది. పెళ్ళికి ముందు షాపులో అతను ఆ గేటును తిడుతుంటే అంత ఇష్టంగా విన్న మనిషి, ఇంటికి వచ్చాక కండక్టరు ఊసెత్తితే చాలు, లేచి కోళ్ళకు గింజలు వేయడానికి వెళ్ళిపోయేది. ఊళ్ళో వాళ్ళు తనను "కొత్తాయన" అంటున్నారు. అందులో తప్పేమీ లేదు గానీ, ఆ మాట విన్నప్పుడల్లా పాతాయన ఎక్కడో పక్కనే నిలబడి టిక్కెట్లు కొడుతున్నట్టు ఉండేది.

దాంతో అతని వెటకారానికి కళ్ళెం లేకుండా పోయింది. మేకు వంకరగా కనబడితే, "కండక్టరుగారి సంతకం" అనేవాడు. కుర్చీ ఊగితే, "ఇది కదులుతున్న బస్సులో చేసినట్టుంది" అనేవాడు. ఒకరోజు టీ తాగుతూ పాక సంగతి తెచ్చాడు.

"ఆ పాకను పీకేసి ఇనుముతో కడతానండీ. పైన రేకు. నూరేళ్ళుంటుంది."

"వద్దండీ," అంది అత్తగారు. "నేనున్నన్నాళ్ళూ దాన్ని ఉండనివ్వండి."

"అది మీరున్నన్నాళ్ళు ఉండదండీ, నా మాట వినండి. గాలివాన ఒక్కటొస్తే కూర్చుంటుంది."

"పోనీలెండి. కూర్చున్నప్పుడు చూద్దాం."

భార్య గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. వెల్డరుకు ఒళ్ళు మండింది. ఈ ఇంట్లో చచ్చినవాడి చెత్తకున్న విలువ బతికున్నవాడి పనికి లేదు.

ఆ కోపంలోనే కొత్త గేటు మొదలుపెట్టాడు. పాత గేటు నిలువెల్లా తన అతుకులే అయినా, చూపుకు అది కండక్టరుదే. రెండు రెక్కల గేటు, కింద చక్రం, పైన బాణపు మొనలు. రెక్కలు రెండూ సిద్ధమయ్యాక ఒక పక్క నిలువు పైపు చాల్లేదు. మళ్ళీ పట్నం వెళ్ళి తేవాలంటే ఒక పూట పోతుంది. అప్పుడు గుర్తొచ్చింది పసుపు కడ్డీ. మంచి దళసరి పైపు, తుప్పు లేదు, సరిపడా పొడవు. నీడలో నిలబడి ఏమీ మోయకుండా మేకల చేత వీపు గోకించుకుంటోంది.

అత్తగారు చిక్కుడు పాదు దగ్గర ఉంది. వెల్డరు గడ్డపార తీసుకుని పాకలోకి వెళ్ళాడు. కడ్డీ చుట్టూ మట్టి తవ్వి, రెండుసార్లు ఊపి పీకేశాడు. దూలం కదల్లేదు, గుంజ కదల్లేదు, పిచ్చుక కూడా లేవలేదు. 'చూశావా, ఇదీ ఆయనగారి ఇంజనీరింగు!' అనుకుని, గుంత మీద మట్టి, దాని మీద మేకల పెంట కాలితో తోసి సమం చేశాడు. సాయంత్రానికి కడ్డీ నల్లరంగు వేసుకుని గేటు పక్కన నిలబడింది. ఎవరూ ఆనవాలు పట్టలేదు. మేకల్ని చీకట్లో తోలి, చీకటుండగానే విప్పారు, పాకలో లోటు కూడా ఎవరి కంటా పడలేదు.

తొలకరికి ముందు ఆకాశం అప్పటికే కొన్నాళ్ళుగా ఊరిస్తోంది. తూనీగలు బావి మీద ముసిరాయి. చీమలు గుడ్లు నోట కరుచుకుని వరండా గోడెక్కాయి. మర్నాడు మధ్యాహ్నం గుట్ట మీదినుంచి చల్లగాలి తిరిగి, నిమ్మచెట్లు ఆకులు వెనక్కి మడుచుకున్నాయి. వెనకే వాన. ఆ వాన ఆగి ఆగి పడే రకం కాదు, కుండలతో గుమ్మరించినట్టు పడింది. వెల్డరు వరండాలో కూర్చుని తన తూము చూసుకుంటున్నాడు. నీళ్ళు గలగలా పెరట్లోకి పోతున్నాయి. భార్య ఆరేసిన బట్టలు తీసుకొచ్చి కుర్చీ మీద వేసింది. అత్తగారు తల మీద గోనెపట్టా కప్పుకుని, ఈనిన మేక పిల్లలకు ఎలా ఉందో చూసి వస్తానని పాక వైపు వెళ్ళింది.

మొదట పిచ్చుకలు లేచాయి. గడ్డిలోంచి గుంపుగా, వానలోకే. ఆ తర్వాత ఎండుకట్టె విరిచినట్టు ఒక చప్పుడు. వెల్డరు తలెత్తేసరికి పాక నడుము వంగి ఉంది. తడిసిన గడ్డి బరువుకు దూలం నడుమ కుంగింది, గుంజలు పక్కకు ఒరిగాయి, కప్పు మొత్తం అలసిపోయిన మనిషి కూర్చున్నట్టు నిదానంగా కిందికి దిగింది.

"అమ్మా!" అని భార్య అరిచింది.

ఇద్దరూ పరుగెత్తారు. బురదలో అతని చెప్పు ఒకటి ఊడిపోయింది. కప్పు నేలకు నడుము ఎత్తున ఆగి, ఇనుప నిచ్చెన మీద వేలాడుతోంది. లోపల మేకలు అరుస్తున్నాయి. వెల్డరు వంగి, దూలం కింద భుజం పెట్టి లేపాడు. నీళ్ళు తాగిన ఆ గడ్డి ఎంత బరువుందో అప్పుడు తెలిసింది. కళ్ళు బైర్లు కమ్మాయి.

"లాగు! ముందు మీ అమ్మను లాగు!"

భార్య పొట్ట మీద పాకుతూ లోపలికి దూరింది. ముందు ఒక మేక వచ్చింది, దాని వెనక రెండోది, ఆ తర్వాత ఒక పిల్ల గాల్లో విసిరేసినట్టు వచ్చి అతని కాళ్ళ దగ్గర పడింది. చివరికి అత్తగారు, నెత్తి నిండా గడ్డి, ముఖాన బురద, చంకలో రెండో పిల్ల. ఆవిడ బయటపడ్డాక వెల్డరు భుజం తీసేశాడు. పాక పూర్తిగా కూర్చుంది. ముసలి మేక ఒకటి కుంటుతోంది గానీ, అన్నీ బతికే ఉన్నాయి.

వరండాలో ముగ్గురూ తడి ముద్దలై కూర్చున్నారు. భార్య తువ్వాళ్ళు తెచ్చి, టీ పెట్టింది. మేకలు స్నానాల గదిలో అరుస్తున్నాయి. వెల్డరు భుజం మీద తోలు లేచిపోయింది. 'నేను చెప్పలేదూ' అన్న మాట ఎండాకాలమంతా నాలుక చివర పెట్టుకుని తిరిగాడు. ఇప్పుడు దానికి వేళ వస్తే నోరు రాలేదు. అతని కళ్ళు మాటిమాటికీ గేటు వైపు, నల్లరంగు వేసిన నిలువు పైపు వైపు పోతున్నాయి.

అత్తగారు టీ ఒక గుక్క తాగి, ఫొటో వంక తిరిగింది.

"నీ చేతులు పడిపోనూ!" అంది.

వెల్డరు ఉలిక్కిపడ్డాడు.

"ఎన్నిసార్లు చెప్పానురా నాయనా! ఆ దూలం పనికిరాదు, పుచ్చింది, వద్దురా అని. వింటేనా! 'అత్తా, నీకేం తెలుసు, ఇది బర్మా టేకు' అన్నాడు. బర్మా టేకంట, బర్మా టేకు! డిపో వెనక టీకొట్టుకు అడ్డంగా పడుంటే భుజాన వేసుకొచ్చాడు దద్దమ్మ!"

భార్య గ్లాసు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. మొదట ముక్కులోంచి, తర్వాత గట్టిగా. పెళ్ళయ్యాక ఆవిడ అంతలా నవ్వడం అతను చూడలేదు.

"అమ్మా, ఆ తూము గుర్తుందా? నీళ్ళు వెనక్కొస్తున్నాయంటే, 'కొన్నాళ్ళకు అవే అలవాటు పడతాయి' అన్నారు!"

"నీళ్ళకు అలవాటు! ఆ తలుపు? బస్సు తలుపు తెచ్చి పెట్టి, నేను లోపలుంటే బయటినుంచి 'రైట్ రైట్' అనేవాడు. పెద్దదాన్నన్న జ్ఞానం కూడా లేదు వెధవకి!"

ఇద్దరూ ఒకరి మాట ఒకరు అందుకుంటూ కండక్టరును ఉతికి ఆరేశారు. మేకు కొట్టమంటే గోడ పగలగొట్టిన రోజు, బల్ల చేస్తే అది గుమ్మంలోంచి బయటికి రాక అక్కడే నాలుగు ముక్కలు చేసిన రోజు. వెల్డరు ఎండాకాలమంతా వినాలని ఆరాటపడ్డ మాటలన్నీ అంతకు పదింతలు ఘాటుగా వినబడుతున్నాయి. ఏమైందో గానీ, ఒక్కటీ రుచించలేదు. తను అన్న వెటకారాలు వీటి ముందు ఎవరో పక్కింటివాడు తొంగిచూసి అన్నట్టున్నాయి. ఈ ఆడవాళ్ళిద్దరూ ఆయన్ని తిట్టడంలో ఏళ్ళ తరబడి చేయి తిరిగినవాళ్ళు. తను అడ్డొచ్చి తిట్టబట్టే ఇన్నాళ్ళూ నోరు కట్టుకున్నారు.

"అంతా వాడు చేసిందే," అంది అత్తగారు. "ఇవాళ నన్నూ నా మేకల్నీ పాతిపెట్టేవాడు."

"అలా అనకండి," అన్నాడు వెల్డరు.

ఇద్దరూ అతని వంక చూశారు.

"అంటే... అంత తీసిపారేసేటట్టు కాదు. గడ్డి కట్టు బాగానే ఉంది. అన్నేళ్ళు ఆగింది కదా."

"మీరేనా ఈ మాట అంటున్నది?" అంది భార్య.

"నడుమ ఒక కడ్డీ ఉండేది కదా..." అతను టీ గ్లాసులోకి చూశాడు. "పసుపుది."

"అవునండి, అదే లేకపోతే ఎప్పుడో పడేది," అంది అత్తగారు. "అదీ సరిగ్గా కోసి చచ్చాడా? కొలత తప్పి కురచ చేశాడు. వానకు గడ్డి తడిస్తే దూలమే దిగొచ్చి దాని మీద కూర్చునేది. ఈ ఏడు ఎందుకు కూర్చోలేదో, ఏం మాయరోగమో!"

"అది అక్కడ లేదండీ. నేను పీకాను. గేటుకు వేశాను. గుంత మీద పెంట తోసేశాను. ఏమీ మోయడం లేదు కదా అని..."

భార్య నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. అత్తగారు టీ గ్లాసు నేల మీద పెట్టి, లేచి, వరండా చివరికి వెళ్ళి గేటు వంక చూసింది. వెనక్కి తిరిగినప్పుడు ఆవిడ గొంతులో ఇన్నాళ్ళ మర్యాద మచ్చుకైనా లేదు.

"నీకు బుద్ధుందా?"

వెల్డరు తలొంచుకున్నాడు.

"నిన్నే అడుగుతున్నా! కళ్ళున్నాయా నీకు? పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ మట్టం ముక్క పట్టుకుని తిరుగుతావు, ఉన్నది ఎందుకుందో వెటకారం లేకుండా ఒక్క మాట అడగడానికి నోరు పడిపోయిందా? ఆ వెధవకి పని రాదు, సరే, రాదని ఊరంతా తెలుసు. పని వచ్చినవాడివి నువ్వేం వెలగబెట్టావు? పెంట కప్పెట్టి దాచావు కూడానూ! సిగ్గులేదూ?"

"తప్పయిందండీ."

"తప్పయిందంట! నా ముసలి మేక కాలు నువ్వు తెచ్చిస్తావా? రేపు లేవగానే ఆ గడ్డంతా విప్పు. ఒక్క పరక పారేశావంటే ఊరుకోను."

ఆవిడ గ్లాసు తీసుకుని విసవిసా లోపలికి వెళ్ళిపోయింది. అత్తగారు తనను 'నువ్వు' అనడం వెల్డరు చెవిలో అప్పుడు పడింది. తలెత్తి భార్య వంక చూశాడు. ఆవిడ పసుపు ముద్దో మందో వెతికి తెచ్చి, అతని భుజం మీద దెబ్బకు రాసింది. కాస్త గట్టిగానే రాసింది, అతను మూలిగేదాకా.

కొత్త పాకకు తగువు తెల్లారగానే మొదలైంది. రేకు వేస్తానని అతను నోరు తెరిస్తే, "ఎండాకాలం నా మేకల్ని పెనం మీద వేయిస్తావా?" అని అత్తగారు మూయించింది. గుంజలు ఇనుపవి ఉండాలని అతను పట్టుబట్టాడు. గాలి ఏ వైపునుంచి కొడుతుందో, గుట్ట నీళ్ళు ఏ దారిన వస్తాయో చూసి భార్య చోటు మార్పించింది. పాత గడ్డిలో కుళ్ళినది తీసి, బాగున్నది ఆరబెట్టి, మిగతాది కొత్తగా కోసుకొచ్చారు. పిచ్చుకలు నిమ్మకొమ్మల మీద కూర్చుని ఈ ఆలస్యం మీద గోల పెట్టేవి. ముసలి మేక కుంటుకుంటూ వచ్చి సిమెంటు సంచి తినబోయేది.

కప్పు ఎక్కించే రోజున పాలాయన క్యాన్లతో వచ్చి పాక దగ్గర ఆగాడు. వెల్డరు పైన, దూలం మీద గుర్రం ఎక్కినట్టు కూర్చుని నట్లు బిగిస్తున్నాడు.

"కొత్తాయన బాగానే కడుతున్నాడే!" అన్నాడు పాలాయన.

"బాగానా? నీ కళ్ళకేమైంది?" అంది అత్తగారు, పైకి వినబడేటట్టు. "ఆ దూలం చూడు, పడమరకు పోతోంది. చెబితే వింటాడా? మిషను చేతిలో ఉందని మిడిసిపాటు."

వెల్డరు ఒక కన్ను మూసి దూలం వెంట చూశాడు. గీత గీసినట్టుంది.

"ఎక్కడండీ వంకర? మట్టం పెట్టి చూపించమంటారా?"

"నీ మట్టం నువ్వే ఉంచుకో! కిందికి దిగి, ఇక్కడ, నా పక్కన నిలబడి చూడు, తెలుస్తుంది."

"ఇప్పుడేగా ఎక్కాను!"

"ఎక్కినవాడివి దిగలేవా?"

వెల్డరు స్పానరు నోట కరుచుకుని, గొణుక్కుంటూ నిచ్చెన దిగాడు. వచ్చి ఆవిడ పక్కన నిలబడి, ఆవిడ తల వంచినట్టే తనూ తల పక్కకు వంచి పైకి చూశాడు. పాలాయన క్యాన్లు దించి తనూ చూశాడు. ఎంతసేపు చూసినా ముగ్గురికీ ఒక మాట కుదరలేదు. లోపలినుంచి భార్య టీ చల్లారిపోతోందని మూడోసారి కేక వేసింది.